మహమ్మారి దినాలలో రక్షకభటుని మనసు

కర్మధారయ సమాసం చెప్పేటప్పుడు మేము తరగతిలో "రక్షకభటుడు" అనే మాటను ఉదాహరణగా తీసుకుంటూ ఉంటాము. రక్షకుడైన భటుడు అని విద్యార్థి విగ్రహవాక్యం చెప్పగానే వెనుక బల్లల నుండి చిన్న నవ్వు వినవస్తుంది. ఆ నవ్వుకు అర్థం మాకు తెలియనిది కాదు. మన పేటలలో పెరిగిన పిల్లవానికి పోలీసు అనగానే మొదట తలపుకు వచ్చేది రక్షణ కాదు. అయినను ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఆ భటుని గూర్చియే వ్రాయాలని నిశ్చయించుకున్నాము. అతని చేతిలోని లాఠీని గూర్చి ఇదివరకే చాలామంది వ్రాసినారు. అతని నిద్రను గూర్చి వ్రాసినవారు తక్కువ.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. ఆ ఏప్రిల్ నెలాఖరుకు ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎక్కువ కేసులు నమోదైన జిల్లా కర్నూలు. రాయలసీమలోని మా పట్టణం దానికి ఎంతో దూరం కాదు. మా వీధి మొదట సర్వి కట్టెలు అడ్డంగా కట్టి, ప్రక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసినారు. ఆ కుర్చీ ప్రక్కన నిలబడిన కానిస్టేబులు మా పూర్వ విద్యార్థి. డిగ్రీ రెండవ సంవత్సరంలో పద్యం చదవమంటే లేచి నిలబడి గొంతెత్తి చదివే కుర్రవాడు. మమ్ములను చూచి కూడా చూడనట్లు తల ప్రక్కకు తిప్పుకొని, "సార్, పాలకైతే పొద్దున ఆరు గంటలకు రండి సార్. ఇప్పుడు ఇంటికి పోండి. పైవాళ్ళు చూస్తే నాకు మాట వస్తుంది," అన్నాడు. మేము వెనుదిరిగినాము. గురువును వెనుకకు పంపవలసి వచ్చినందుకు అతనికి కలిగిన సిగ్గు, శిష్యుడు మందలిస్తే మాకు కలిగిన సిగ్గు, రెండును ఆ కట్టెలకు ఇరువైపుల మిగిలిపోయినవి.

ఆ ఏటి చివర అతడు ఒకనాటి సాయంకాలం మా ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. గర్భవతియైన భార్యను పుట్టింటికి పంపి, తాను మూసివేసిన ఒక కొట్టు అరుగు మీద పడుకున్న రాత్రులను గూర్చి చెప్పినాడు. దాతలు పంచిన పొట్లంలోని అన్నం తిని, సీసాలోని నీళ్ళతో ముఖం కడుక్కొని మరల నిలబడడం. వ్యాధి తనకు అంటుతుందేమోననే భయం మొదటి పదిహేను దినాలే ఉన్నదట. ఆ పిమ్మట అది అలవాటైనది. అలవాటు కానివి వేరే ఉన్నవి. ఒక శుక్రవారం నాడు తన తండ్రికి స్నేహితుడైన ఒక ముసలాయన మసీదుకు పోతానని బయలుదేరితే భుజం పట్టి వెనుకకు త్రిప్పవలసి వచ్చినది. ఆయన ఏమీ అనలేదు, చేయి మాత్రం విదిలించుకున్నాడు. మరియొకనాడు పైఅధికారి జీపు వెనుక నిలిచి ఉండగా, సైకిలు మీద వస్తున్న పిల్లవాని పిక్కల మీద కొట్టినాడు. ఆ పిల్లవాడు నాయనమ్మకు మందులు తేవడానికి పోతున్నాడు.

"చీటీ తీసి చూపించే లోపలే కొట్టేసినాను సార్. చీటీ తర్వాత చూసినాను," అన్నాడు.

అటు పిమ్మట అతనికి నిద్ర పట్టడం మానినది. కన్ను మూస్తే సైకిలు గంట వినబడుతుందట. ఇది విన్న మాకు ఏమి చెప్పాలో తోచలేదు. తప్పు కాదని చెప్పడానికి వీలులేదు, ఏలయనగా అది తప్పే. తప్పు నీదేనని చెప్పి పంపడానికి మనసు ఒప్పలేదు.

యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులలో ఇటువంటి బాధను వైద్యులు చాలాకాలం క్రిందటనే గుర్తించినారు. వియత్నాం యుద్ధంలో పోరాడినవారికి చికిత్స చేసిన అమెరికా మనోవైద్యుడు జోనథన్ షే 1994లో వెలువరించిన గ్రంథంలో దీనిని విస్తారంగా చర్చించినాడు. తెలుగులో దీనిని నైతిక గాయం అనవచ్చును. ప్రాణభయం వలన మనసు చెదరడం ఒకటి, తాను సరియైనదని నమ్మిన దానికి విరుద్ధంగా తన చేతితోనే ఒక పని జరిగిపోవడం వలన మనసు చీలడం మరియొకటి. మొదటిదానికి మాస్కు, చేతి తొడుగులు, టీకా కొంత ఉపశమనం. రెండవదానికి అవి పనిచేయవు. మహమ్మారి దినాలలో పోలీసుల మానసికారోగ్యమని మాట్లాడిన పెద్దలు ఎక్కువగా మొదటిదానిని గూర్చియే మాట్లాడినారని మా అభిప్రాయం.

ఆ దినాలలో జరిగినవి కొన్ని గుర్తుచేసుకొందాము. 2020 ఏప్రిల్ 12న పంజాబులోని పటియాలా కూరగాయల మార్కెట్టు వద్ద కర్ఫ్యూ పాసు అడిగినందుకు ఒక ఏఎస్ఐ చేతిని కత్తితో నరికివేసినారు. చండీగఢ్ వైద్యులు గంటల తరబడి శస్త్రచికిత్స చేసి ఆ చేతిని తిరిగి అతికించినారు. ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు, జీతాలు రాక, ఇంటికి పోయే దారి లేక తిరగబడినారు. పోలీసు వాహనం ధ్వంసమైనది, పోలీసులకు గాయాలైనవి. రెండు దినాలు గడవలేదు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి వలస కార్మికుల రైలు సుమారు 1,200 మందితో బయలుదేరినది. అందులో ఎక్కువమంది ఆ కంది కూలీలే. వారిని బస్సులలో ఎక్కించి, వరుసలలో నిలబెట్టి, రైలు పెట్టెల దాకా చేర్చిన వారిలో పోలీసులున్నారు. బుధవారం రాళ్ళ దెబ్బలు, శుక్రవారం వీడ్కోలు. నడుమ ఆ భటుడు తన కోపాన్ని, భయాన్ని, జాలిని ఎక్కడ దాచుకున్నాడో ఎవరూ అడగలేదు. మే 7న విశాఖ సమీపాన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు వెలువడినప్పుడు చీకటిలో ఇంటింటి తలుపులు తట్టి జనాన్ని లేపిన వారిలోను పోలీసులున్నారు. ఆ వారంలోనే మద్యం దుకాణాలు తెరవగా అక్కడి బారులను అదుపు చేసే పని కూడ వారి నెత్తిన పడినది. విశాఖ జిల్లాలో ఆ పనికి ఉపాధ్యాయులను సైతం పంపినట్లు పత్రికలలో చదివి మా వృత్తివారమంతా చిన్నబోయినాము. మరి ఏడాది పొడవునా అటువంటి పనులు చేసేవానికి చిన్నతనం ఉండదా అని ఆనాడు మాకు తోచలేదు. ఇప్పుడు తోచినది.

అయితే ఈ కష్టమంతా మహమ్మారి తెచ్చిపెట్టినదే అనుకుంటే పొరపాటు. మహమ్మారి వచ్చేనాటికే ఆ మనిషి అలసి ఉన్నాడు. పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ కొరకు మన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వారు చేసిన అధ్యయనం 2014లో వెలువడినది. స్టేషన్లలో పనిచేసేవారిలో సుమారు 90 శాతం మంది దినానికి 8 గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలినది. తమ సిబ్బంది 11 గంటలు, అంతకు మించి డ్యూటీలో ఉండవలసి వస్తున్నదని 68 శాతానికి పైగా స్టేషను అధికారులు తామే ఒప్పుకున్నారు. నెలకు ఒక్క వారపు సెలవైనను దొరకనివారు నూటికి డెబ్భైమందికి మించి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో ప్రభుత్వం పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించినప్పుడు మా విద్యార్థి ఎంతో సంతోషించినాడు. కొన్ని నెలలు అందుకున్నాడు కూడ. 2020 మార్చిలో అతనికి ఆ సెలవు పోయినది.

దీని మూలం ఇంకా వెనుకకు పోతుంది. మహమ్మారిలో ప్రభుత్వాలు మొదట చేతికి తీసుకున్నది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి రాష్ట్రంలో ప్లేగు ప్రబలినప్పుడు ఆంగ్లేయులు హడావుడిగా చేసిన నాలుగు సెక్షన్ల చిన్న చట్టం అది. అదే సంవత్సరం పూనాలో సిపాయిలు ఇండ్లలో జొరబడి సోదాలు చేయగా జనాగ్రహం పెరిగి, ప్లేగు కమిషనరు రాండ్ చాపేకర్ సోదరుల చేతిలో హతుడైనాడు. రోగాన్ని వైద్యుని చేత కాక భటుని చేత ఎదుర్కొనే పద్ధతికి ఆనాడే పునాది పడినది. ఇక 1861 పోలీసు చట్టం 22వ సెక్షను పోలీసును ఎల్లవేళల డ్యూటీలో ఉన్నవానిగానే పరిగణించినది. ఎల్లవేళల అనగా నిద్రలో కూడ. "బందోబస్తు" అనే మాట మన సంచికలోని ఉర్దూ పుటలకు, తెలుగు పుటలకు ఉమ్మడి ఆస్తి. బంద్, బస్త్, రెండింటిలోను కట్టివేయడమనే భావమే ఉన్నది. ఊరిని కట్టడి చేయడానికి పోయినవాడు తానే కట్టుబడి ఉన్నాడని ఆ మాట చెప్పకయే చెబుతున్నది.

నిద్ర లేనివాని చేతిలో ఆయుధం ఉంటే ఏమగునో కొంచెం ఆలోచించాలి. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని పనితీరుతో సమానమని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ప్రకటించినారు. మన మోటారు వాహన చట్టం ప్రకారం 0.03 శాతం దాటితే బండి నడపడం నేరం. రాత్రి పూట దారిలో నిలబడి మన నోటిముందు గొట్టం పెట్టే పోలీసు, ఆ తెల్లవారు జామునుండి నిలబడినవాడైతే, ఆ లెక్కన మనకంటె ఎక్కువ మత్తులో ఉన్నట్లే. అతని బెల్టు తీసుకొని ఎవరును పక్కన కూర్చోబెట్టరు.

ఇక్కడ కొందరు విద్యార్థులు మమ్ములను ఆపి అడుగుతారని తెలుసు. "సార్, దెబ్బలు తిన్నది మేము. మీరు కొట్టినవాని మనసు గూర్చి దుఃఖిస్తున్నారు." ఈ ప్రశ్న న్యాయమైనది. ఆ మార్చి నెలాఖరున ఢిల్లీ మర్కజ్ నుండి తిరిగివచ్చినవారి కొరకు ఇంటింటికి పోలీసులు వచ్చినప్పుడు, రోగిని వెదకడానికి, నేరస్థుని వెదకడానికి మధ్యనుండే తేడా కొన్ని వీధులలో ఎవరును పాటించలేదు. ఆ చేదు మా నోటిలోను ఉన్నది. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో మొబైల్ దుకాణం మూసే వేళను గూర్చిన తగవుపై స్టేషనుకు తీసుకుపోయిన తండ్రీకొడుకులిద్దరును పోలీసు హింసకు గురియై మరణించినారు. మదురైలోని హైకోర్టు బెంచి తనంతట తానే విచారణకు స్వీకరించినది. దానికి అలసటను గాని, నిద్రలేమిని గాని సాకుగా చెప్పేవాడు మనుష్యుడు కాడు. రాత్రి పొడుగునా కొట్టే ఓపిక ఉన్నవానిని అలసినవాడని ఎట్లు అనగలము?

కాని ఆ స్టేషను వంటి స్టేషన్లలోనే కొట్టవద్దని మనసులో అనుకొని, పైకి అనలేక గోడ వైపు చూస్తూ నిలబడినవారు ఉంటారు. మా చింత వారిని గూర్చి. అన్యాయాన్ని చూచి నోరు విప్పగలిగే భటుడు మనకు కావాలంటే అతనికి నోరు ఉండాలి. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వం గాని నిర్ణీత అధికారి గాని అనుమతిస్తే తప్ప, పోలీసువాడు కార్మిక సంఘంలో చేరకూడదు, తన ఇబ్బందిని పత్రికలకు చెప్పకూడదు. క్రమశిక్షణ కొరకు కొంత కట్టుబాటు అవసరమే. మేము కాదనము. అయితే పై అధికారికి చెప్పుకొంటే మాట పడుతుంది, బయట చెప్పుకొంటే ఉద్యోగం పోతుంది, ఇంట చెప్పుకొంటే ఇల్లాలు బెంగపడుతుంది. అడకత్తెరలో పోకచెక్క అనే సామెత ఇతనికి సరిపోయినంతగా మరెవరికి సరిపోతుంది? హోంగార్డు సంగతి మరీ దయనీయం. అతనికి దినభత్యమే ఆధారం. మనసు బాగాలేదని ఒకదినం ఇంట ఉంటే ఆ దినపు పొయ్యి సంగతి అతడే చూచుకోవాలి.

మనసు బాగాలేదు అని అన్నాము. తెలుగు బోధించేవారముగా మాకొక బాధ ఉన్నది. మన భాషలో శరీర రోగాలకు వందల పేర్లున్నవి, మనసుకు వచ్చే నలతను సిగ్గుపడకుండా చెప్పుకొనే మాట జనవ్యవహారంలో ఒక్కటి సరిగా లేదు. ఉన్నది పిచ్చి అనే మాట. హైదరాబాదులో ఎర్రగడ్డ అనే పేటపేరే ఒక ఎగతాళి అయినది. అక్కడి మానసిక చికిత్సాలయంలో ఎందరు కోలుకొని ఇంటికి పోయినారో ఎవరును చెప్పరు. ఇక పోలీసు నోట ఆ మాట వచ్చెనా, పదోన్నతి సంగతి, పిస్తోలు ఇవ్వవచ్చునా లేదా అన్న సంగతి ముందుకు వస్తుంది. అందుచేత మా విద్యార్థి వంటివారు, "తల బరువుగా ఉంది," "గ్యాస్ పట్టింది" అని చెప్పి స్టేషను ప్రక్కనున్న మందుల కొట్టులో మాత్ర కొనుక్కొంటారు. కొందరు సీసా కొనుక్కొంటారు.

2020 మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లినవి, పోలీసు స్మారకాల వద్ద పుష్పగుచ్ఛాలుంచినారు. ఆ గౌరవాన్ని మేము తక్కువ చేయము. చప్పట్లు కొట్టినవారిలో మేమును ఉన్నాము. కాని పూలు పడిన మరునాడు అదే కానిస్టేబులు అదే కుర్చీ ప్రక్కన పదునాలుగు గంటలు నిలబడినాడు. కొన్ని చోట్ల యోగా శిబిరాలు పెట్టి, మనసును ప్రశాంతంగా ఉంచుకొనవలెనని ఉపన్యాసాలిచ్చినారు. యోగా మంచిదే, నిద్ర అంతకంటె మంచిది. ముంబయి పోలీసులు 2020 ఏప్రిల్‌లో తమ సిబ్బంది మరణాలు చూచి 55 ఏండ్లు దాటినవారిని ఇంటివద్దనే ఉండమన్నారు. మా దృష్టిలో అది నూరు ఉపన్యాసాలకు సాటి. ఎందుకనగా అది మనిషిని రోడ్డు మీదనుండి తప్పించినది.

కావలసినది కూడ అటువంటిదే. ఎనిమిది గంటల వంతు, దానికి సరిపడ నియామకాలు, ఏ విపత్తు వచ్చినను రద్దు చేయరాని వారపు సెలవు. ఇవి ఖర్చుతో కూడినవని అంటారు. అవును, ఖర్చే. పోలీసు శాఖ రాష్ట్రాల చేతిలోని విషయం కనుక ఈ ఖర్చుకు ఢిల్లీని చూపించి తప్పించుకొనే వీలులేదు. రెండవది, మనసు విప్పి చెప్పుకొనే చోటు. అది స్టేషనులో ఉండకూడదు, అధికారి గది ప్రక్కన ఉండకూడదు, అక్కడ చెప్పినది సర్వీసు పుస్తకంలోనికి ఎక్కకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను రహస్యంగా ఉంచడం హక్కుగా చేసినది. మానసిక రోగానికి శరీర రోగంతో సమానంగా బీమా ఉండాలన్నది. 2022 అక్టోబరు 10న టెలిమానస్ ప్రారంభమైనది. 14416 నంబరుకు ఎవరైనను, ఏ వేళనైనను, రుసుము లేకుండ ఫోను చేసి మాట్లాడవచ్చును. తెలుగులోను మాట్లాడవచ్చును. ఈ నంబరు మా విద్యార్థికి తెలియదు. అతని స్టేషను గోడమీద ఎన్ని నంబర్లున్నవో మేము చూచినాము, ఇది లేదు.

ఈ మాటలు కళాశాల సంచికలో ఎందుకని కమిటీ పెద్దలకు సందేహం రావచ్చును. మన మైదానంలో ఉదయం అయిదు గంటలకు పరుగెత్తుతున్న పిల్లలను వారు చూచియే ఉంటారు. కానిస్టేబులు, ఎస్సై పరీక్షలకు సిద్ధమవుతున్నవారు. 1600 మీటర్లు ఎన్ని నిమిషాలలో పరుగెత్తగలడో, ఎంత దూరం దూకగలడో ప్రభుత్వం కొలుస్తుంది. గుంపు ఎదుట నిలబడినప్పుడు, చెడు ఉత్తరువు వచ్చినప్పుడు, కొట్టిన తరువాత రాత్రి వచ్చినప్పుడు అతడేమి చేయాలో మనమైనను చెప్పి పంపుతున్నామా? 2020 ఏప్రిల్‌లో ఎన్‌సీసీ కాడెట్లను కూడ లాక్‌డౌన్ సహాయ కార్యక్రమాలకు పిలిచినారు. అనగా ఆ అనుభవం మన తరగతి గదులకు అంత దూరమైనది కాదు. పోటీ పరీక్షల శిక్షణకు కమిటీ వారు కేటాయించే సొమ్ములో కొంత తీసి, నెలకొకసారియైనను ఒక మనస్తత్వ నిపుణుని పిలిపించవలెనని మా విన్నపం. ఆ గదిలో అధ్యాపకులమెవ్వరమును కూర్చోము. పిల్లలు మా ఎదుట నిజం చెప్పరు.

మన సముదాయం నుండి పోలీసు ఉద్యోగానికి పోయేవారు ఎక్కువ కావాలని వేదికల మీద అంటూ ఉంటాము. మంచి మాటయే. ఆ రంజాను మాసంలో మా విద్యార్థి ఉపవాసముండి, మూసిన మసీదు ఎదుట నిలబడి, నీళ్ళసీసా ముందు పెట్టుకొని అజాను కొరకు చూస్తూ ఉండేవాడు. లోపల ఇమాము గారు, మరి ముగ్గురో నలుగురో. బయట అతడు. "మసీదుకు కాపలా ఉన్నావురా" అని ఒకరు మెచ్చుకున్నారట, "మసీదుకు అడ్డం నిలబడినావు" అని మరియొకరు తిట్టినారట. ఇద్దరును మన వీధివారే. మేము ఆ రెండు మాటలలో ఒకటియును అనలేదు. కిటికీలోనుండి చూచి, కిటికీ మూసుకున్నాము. ఒక ఖర్జూరపు పొట్లమైనను పంపవలెనని తోచలేదు.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు అతనిని పిలిచి చదివి వినిపించినాము. పేరు వేయవద్దన్నాడు, వేయలేదు. ఊరి పేరు తీసివేయమన్నాడు, తీసివేసినాము. సైకిలు పిల్లవాని సంగతి వచ్చినప్పుడు లేచిపోయి వసారాలో నిలబడినాడు. అదికూడ తీసివేయమందువా అని అడిగినాము.

"అది ఉండనీయండి సార్," అన్నాడు. కొంచెం ఆగి, "వారం సెలవు సంగతి మాత్రం కొట్టేయొద్దని కమిటీ వాళ్ళకు చెప్పండి," అన్నాడు. ఆనాడు అతనికి రాత్రి డ్యూటీ ఉన్నది. టీ సగం త్రాగి వెళ్ళిపోయినాడు.